చిల్లును బట్టి పురుగును పోల్చుకోవడం

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో, కొట్టేసిన చెట్ల దుంగల మీద కనిపించే సూదిమొనంత చిల్లుల గురించి రెండు వాక్యాలు రాసి ఊరుకున్నాను. ఆ రెండు వాక్యాలకు విశాఖపట్నం నగరం నుంచి, అనకాపల్లి, అరకు వైపుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు చెక్కముక్కలను, ఇద్దరు ముగ్గురు చిన్న సీసాలలో పురుగులను కూడా పంపారు. అందువల్ల ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ పురుగులకే కేటాయిస్తున్నాను. రైతులు వీటిని కాండం తొలుచు పురుగు, కొమ్మ తొలుచు పురుగు అని పిలుస్తారు. శాస్త్రజ్ఞులు వీటిలో కొన్నింటిని బెరడు పురుగులని, కొన్నింటిని ఆంబ్రోసియా పురుగులని అంటారు. రెండూ పెంకు పురుగులే.

ప్రశ్న: మేము ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తాము. ఈసారి తెచ్చిన కర్రను చెక్కుతుంటే తెల్లటి చెక్కలో గుండుసూదితో పొడిచినట్లు నల్లటి చిల్లులు కనిపించాయి. లోపల పిండి లేదు. బొమ్మ అమ్మిన తరువాత కూడా పురుగు అందులో బతికి ఉంటుందేమోనని భయంగా ఉంది. మంచం కోళ్లను పిండి చేసే పుచ్చు పురుగు ఇదేనా? ముక్క ఒకటి పంపుతున్నాను.
(ఒక బొమ్మల కళాకారుడు, ఏటికొప్పాక)

జవాబు: ఇది పుచ్చు పురుగు కాదు. మీరు ముక్కను కూడా పంపడం వల్ల ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. దానిని నార వెంబడి చీల్చి చూశాను. చిల్లు నోరు ఒక మిల్లీమీటరు కంటే కాస్త తక్కువగా, చుట్టూ ఒకే కొలతతో గుండ్రంగా ఉంది. అక్కడి నుంచి సొరంగం చెక్కలోకి గోరు వెడల్పు దూరం తిన్నగా పోయి, పక్కకు తిరిగి, రెండు పాయలుగా చీలింది. గోడలు కాల్చిన సూదితో పొడిచినట్లు నల్లగా ఉన్నాయి, కానీ లోపల ఊడ్చి పెట్టినంత శుభ్రంగా ఉంది. సొరంగానికి అటూ ఇటూ తెల్ల చెక్కలో నార వెంబడి బూడిద రంగు చార సాగింది. ఒక పాయ చివర రెండు మిల్లీమీటర్ల పొడవున్న గోధుమరంగు పురుగు, చచ్చిపోయి, తల లోపలికి, వీపు బయటికి పెట్టి బిరడాలా బిగుసుకుని ఉంది.

ఈ ఆనవాళ్లన్నీ ఒకచోట కనిపిస్తే అది ఆంబ్రోసియా పురుగు పని. ఇది చెక్కను తినదు. చెక్కను తొలిచి, వచ్చిన పొట్టునంతా బయటికి నెట్టేసి, తన ఒంటిమీది ప్రత్యేకమైన సంచిలో మోసుకువచ్చిన శిలీంధ్రపు విత్తనాలను సొరంగం గోడల మీద నాటుతుంది. అక్కడ మొలిచిన తెల్లటి బూజు పొరను తానూ తింటుంది, పిల్లలకూ అదే ఆహారం. గోడల నలుపు ఆ శిలీంధ్రం వేసిన మరకే. ఆస్ట్రియాకు చెందిన ష్మిడ్‌బెర్గర్ 1836లో ఈ పొరను చూసి, అదేమిటో తేలకపోయినా, గ్రీకు దేవతల ఆహారమైన ఆంబ్రోసియా పేరు దానికి పెట్టాడు. అది శిలీంధ్రమని 1844లో జర్మనీకి చెందిన థియోడర్ హార్టిగ్ గుర్తించాడు. మన అమృతం అన్న మాటా, ఆంబ్రోసియా అన్న మాటా ఒకే పాత ధాతువు నుంచి పుట్టినవి కాబట్టి, దీనిని అమృతం పండించుకునే పురుగు అనుకుంటే పేరు ఎప్పటికీ మరచిపోరు.

మంచం కోళ్లను పిండి చేసేవి వేరే కుటుంబానికి చెందినవి. బాస్ట్రికిడే కుటుంబంలోని సైనోక్సైలాన్, డైనోడెరస్, లిక్టస్ వంటి ఆ పురుగులు ఎండిన చెక్కలోనూ, వెదురులోనూ ఉండే పిండిపదార్థం కోసం తొలుస్తాయి. వాటి సొరంగాల గోడలు చెక్క రంగులోనే ఉంటాయి, మరక ఉండదు, లోపల మెత్తటి పిండి కూరి ఉంటుంది. కర్రను తట్టితే ఆ పిండి రాలుతుంది. వెదురును కొట్టి కొన్ని వారాలు చెరువులో నానవేసే మన పెద్దల పద్ధతి ఈ రెండో రకానికి విరుగుడు, ఎందుకంటే నానినప్పుడు వెదురులోని పిండిపదార్థం చాలావరకు తగ్గిపోతుంది. నల్లటి గోడ, ఖాళీ సొరంగం ఉంటే పచ్చి చెక్కలో జరిగిన పని అని, తెల్ల గోడ, కూరిన పిండి ఉంటే ఎండు చెక్కలో జరుగుతున్న పని అని గుర్తుపెట్టుకుంటే చాలు, పురుగును చూడకుండానే సగం విషయం తేలిపోతుంది.

ఇక మీ భయం గురించి. శిలీంధ్రం పెరగడానికి చెక్కలో తేమ కావాలి. కర్ర ఆరుతున్న కొద్దీ ఆ తోట ఎండిపోతుంది, తోట ఎండితే పిల్లపురుగులకు తిండి ఉండదు. బాగా ఆరబెట్టి, తరిణి పట్టి, లక్క వేసిన బొమ్మలో ఈ పురుగు బతకదు, పక్కనున్న బొమ్మకు పాకదు. చిల్లు మాత్రం మిగులుతుంది. అది కూడా వద్దనుకుంటే, కొట్టిన కర్రను బెరడుతో సహా నీడలో గుట్టగా వారాల తరబడి ఉంచకండి. పురుగు వాలేది ఆ రోజుల్లోనే. కొట్టిన వెంటనే బెరడు తీసి, గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టండి. ఆరిన కర్రకు రెండో రకం పురుగు పట్టవచ్చు కనుక, నిల్వ ఉంచిన చోట నేల మీద పిండి రాలుతోందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి.

ప్రశ్న: పాత పుస్తకంలో స్కోలిటిడే అనే కుటుంబం ఉంది. మా తరగతి నోట్సులో స్కోలిటినే అనే ఉపకుటుంబం అని ఉంది. బెరడు పురుగులు ఒక ఉపకుటుంబం, ఆంబ్రోసియా పురుగులు ఇంకొక ఉపకుటుంబం అని రాస్తే సరిపోతుందా?
(జంతుశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: మొదటి మాటకు మీ నోట్సు సరైనదే. రెండో మాట మాత్రం అలా రాయకండి.

పూర్వం వీటిని స్కోలిటిడే, ప్లాటిపోడిడే అనే రెండు స్వతంత్ర కుటుంబాలుగా ఉంచేవారు. ఈ రోజున ఎక్కువమంది అంగీకరించే వర్గీకరణలో ఈ రెండూ ముక్కు పురుగుల కుటుంబమైన కర్క్యులియోనిడేలో ఉపకుటుంబాలు. బియ్యంలో పట్టే ముక్కు పురుగుకు ఇవి చుట్టాలన్నమాట. పొడవాటి ముక్కు లేకుండా ముక్కు పురుగు ఎలా అయిందని మీకు సందేహం రావచ్చు. చెక్కలో సొరంగం తొలిచే ప్రాణికి పొడవాటి ముక్కు అడ్డమే గనుక అది పొట్టిదై, తల గుండ్రమై, శరీరం పెన్సిల్ ముక్కలా నున్నగా తయారైంది. కానీ మోచేయిలా వంగి చివర గుండుగా ముగిసే మీసాలూ, కాళ్లు లేకుండా తెల్లగా వంకర తిరిగి ఉండే పిల్లపురుగూ ముక్కు పురుగుల లక్షణాలే. డి.ఎన్.ఏ. ఆధారాలు కూడా వీటిని ఆ కుటుంబం లోపలే నిలబెడుతున్నాయి. వీటిని తిరిగి స్వతంత్ర కుటుంబాలు చేయాలని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, పాత పుస్తకాన్ని తప్పుల పుస్తకంగా చూడనవసరం లేదు.

స్కోలిటినేలో సుమారు 6,000 జాతులు, ప్లాటిపోడినేలో సుమారు 1,400 జాతులు ఉన్నాయి. ఇక అసలు విషయం: బెరడు పురుగు, ఆంబ్రోసియా పురుగు అనేవి వంశం పేర్లు కావు, వృత్తి పేర్లు. వడ్రంగం చేసేవారంతా ఒకే ఇంటిపేరు వారు కానట్లే, శిలీంధ్రం పండించే పురుగులన్నీ ఒకే వంశానివి కావు. బెరడుకూ చెక్కకూ మధ్యనున్న లోబెరడును తింటూ అక్కడే పిల్లలను పెట్టేవి బెరడు పురుగులు. చెక్కలోకి దిగి శిలీంధ్రం నాటేవి ఆంబ్రోసియా పురుగులు. స్కోలిటినేలో రెండు వృత్తుల వారూ ఉన్నారు, విత్తనాలను తినే మూడో వృత్తి వారూ ఉన్నారు. శిలీంధ్రం సాగు ఆ ఉపకుటుంబంలో ఒక్కసారి కాక, వేరువేరు శాఖలలో విడివిడిగా పలుమార్లు మొదలైంది. ప్లాటిపోడినేలో దాదాపు అందరూ ఆంబ్రోసియా వృత్తి వారే. స్కోలిటినేలో ఆ వృత్తికి అతి పెద్ద శాఖ జైలెబొరిని అనే తెగ. అందులో వెయ్యికి పైగా జాతులున్నాయి. మన తోటలలో ఎక్కువగా తగిలేవి ఈ తెగకు చెందినవే.

రెండు ఉపకుటుంబాలను విడదీయడానికి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు. పైనుంచి చూసినప్పుడు తల వక్షకవచం (తల వెనుక వీపును కప్పే పెంకు) కింద దాగి ఉండి, శరీరం పొట్టిగా ఉంటే స్కోలిటినే. తల వక్షమంత వెడల్పుగా ముందుకు నిలిచి, శరీరం సన్నగా పొడవుగా ఉండి, పాదంలోని మొదటి కణుపు ఒక్కటే మిగిలిన కణుపులన్నీ కలిపినంత పొడవుంటే ప్లాటిపోడినే. అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చి ఇప్పుడు మన దేశంలోనూ స్థిరపడిన యూప్లాటిపస్ పారలెలస్‌ను ఒక్కసారి చూస్తే ఈ తేడా మళ్లీ పుస్తకం తెరవకుండానే గుర్తుంటుంది.

ప్రశ్న: నిరుడు నాటిన మామిడి అంట్లలో పది పన్నెండు మొక్కల మొదళ్ల నుంచి సేమ్యా పోగుల్లా తెల్లటి పొట్టు పోగులు బయటికి పొడుచుకు వచ్చాయి. ముట్టుకుంటే రాలిపోతున్నాయి. రెండు రకాల మందులు కొట్టాము, ఫలితం లేదు. ఇది ఏ పురుగు, ఏ మందు కొట్టాలి?
(మామిడి రైతు, ఆనందపురం)

జవాబు: అయ్యా, మీరు సేమ్యా పోగులన్న మాట చదవగానే దాదాపు అర్థమైంది, సీసాలోని పురుగును చూశాక సందేహం తీరింది. ఇది జైలోసాండ్రస్ క్రాసియుస్క్యులస్ అనే ఆంబ్రోసియా పురుగు. ఆడపురుగు రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. ఎర్రటి గోధుమరంగు, వెనుక భాగం కాస్త ముదురు. పురుగును వెలుతురులో కాస్త వంచి చూస్తే రెక్కల వెనుక వాలు మెరుపు లేకుండా, సన్నటి గరుకు కాగితంలా ఉంటుంది. ఆ మెరుపు లేకపోవడమే దీనికి మంచి గుర్తు. తొలిచిన పొట్టును ఎప్పటికప్పుడు వెనక్కి నెట్టడం వల్ల అది విడిపోకుండా పోగులా నిలబడుతుంది. గాలి వీచినా, చినుకు పడినా రాలిపోతుంది కాబట్టి, తెల్లవారుజామున చూసిన రైతుకు కనిపించినది మధ్యాహ్నం వచ్చిన అధికారికి కనిపించకపోవచ్చు.

మందు ఎందుకు పని చేయలేదో ఇప్పుడు మీరే గ్రహించగలరు. పురుగు చెక్కను మింగదు గనుక చెక్కలోకి ఎక్కే మందు దాని కడుపులోకి పోదు, సొరంగంలో ఉంటుంది గనుక పైన చల్లినది దాని ఒంటికి తగలదు. దాడి జరిగిన అంట్లను మొదలంటా తీసి తోటకు దూరంగా కాల్చివేయండి. మిగిలిన మొక్కలను చూసే ముందు నేలను చూడండి. ఈ పురుగు ఊరికే వచ్చి వాలదు. వేళ్ల దగ్గర నీరు నిలిచి ఊపిరాడని మొక్క తన కణజాలంలో ఇథనాల్, అంటే సారాయిలోని ఆల్కహాలే, తయారు చేస్తుంది. ఆ వాసన పట్టుకునే పురుగు వస్తుంది. ఆ ఇథనాల్ చెక్కలో ఉంటే దాని శిలీంధ్రం బాగా ఎదుగుతుందనీ, పోటీగా వచ్చే ఇతర బూజులు అణగిపోతాయనీ పరిశోధనలలో తేలింది. బయటికి పచ్చగా కనిపిస్తున్నా లోపల ఇబ్బంది పడుతున్న మొక్కను మనకంటే ముందు ఈ పురుగు గుర్తిస్తుంది. మీరు చెప్పిన పది పన్నెండు మొక్కలూ పల్లపు వరుసలోనివేనా, వాటి మొదళ్లకు మట్టి ఎక్కువగా ఎగదోశారా, చూసి రాయండి. నీరు పోయే దారి చేస్తే తరువాతి వానలకు ఈ పోగులు తగ్గుతాయని నా నమ్మకం.

మీ పక్క తోటలో ముదురు మామిడి చెట్టు కొమ్మ కొమ్మగా ఎండి, మొదలు నుంచి జిగురు కారుతోందని కూడా రాశారు. అది వేరే సంగతి కావచ్చు. అక్కడ ఒక చేతి వెడల్పు బెరడును కత్తితో లేపి, బెరడు లోపలి వైపు చూడండి. చెక్కలోకి దిగకుండా, బెరడుకూ చెక్కకూ మధ్యనే గోధుమరంగు పొట్టుతో నిండిన సన్నటి దారులు ఉంటే అవి మామిడి బెరడు పురుగువి. హైపోక్రిఫాలస్ మాంగిఫెరే అన్న పేరుతో పుస్తకాలలో ఉన్న ఈ పురుగును ఇప్పుడు క్రిఫాలస్ ప్రజాతిలో (దగ్గరి జాతులను కలిపిన గుంపులో) చేర్చారు. పాకిస్తాన్, ఒమన్ దేశాలలో మామిడి చెట్లను హఠాత్తుగా ఎండబెట్టిన సెరటోసిస్టిస్ అనే శిలీంధ్రపు తెగులుకు ఈ పురుగుకు సంబంధం ఉందని పరిశోధకులు రాశారు. అలాంటి దారులు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఉద్యాన శాఖ వారికి చూపించండి. చూపుడువేలు దూరేంత పెద్ద రంధ్రం, కింద ముతక పొట్టు కుప్ప ఉంటే మాత్రం అది పొడవాటి మీసాల పెద్ద పెంకు పురుగు; ఈ శీర్షికకు సంబంధించిన చిన్నవాటి పని కాదు.

ప్రశ్న: మా కాఫీ తోటలో కొన్ని సన్న కొమ్మలు ఎండుతున్నాయి, వాటికి చిల్లు ఉంది. కొన్ని కాయలకూ చిల్లు ఉంది. ఒకే పురుగు రెండు చోట్లా తొలుస్తుందా?
(కాఫీ రైతు, అరకులోయ)

జవాబు: రెండు వేరువేరు పురుగులు. అవి రెండూ స్కోలిటినే ఉపకుటుంబానివే, రెండూ నల్లగా, రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. అందుకే మీరు ఒకటే అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కొమ్మను తొలిచేది జైలోసాండ్రస్ కంపాక్టస్. మెరిసే నలుపు. లేత కొమ్మకు అడుగు వైపున చిల్లు చేసి, నడిమి గుజ్జును తొలిచి, అక్కడ శిలీంధ్రం నాటి పిల్లలను పెంచుతుంది. చిల్లుకు అవతలి ఆకులు వాడి, నల్లబడి వేలాడతాయి. రొబస్టా రకం కాఫీ మీద దీని బెడద ఎక్కువ. ఎండిన భాగాన్ని చిల్లుకు రెండు మూడు అంగుళాలు ఇవతలికి కోసి కాల్చివేయాలి.

కాయను తొలిచేది హైపోథెనెమస్ హాంపై. ఇది ఆంబ్రోసియా పురుగు కాదు, గింజనే తిని గింజలోనే పిల్లలను పెడుతుంది. చిల్లు కాయ కొనన ఉండే బొడ్డు దగ్గర ఉంటుంది. పక్క నుంచి ఉన్న చిల్లు సాధారణంగా దీనిది కాదు. భూతద్దంలో చూస్తే రెక్కల మీద పొట్టి ముళ్లలాంటి వెంట్రుకలు వరుసలుగా నిలబడి ఉంటాయి. వక్షకవచం ముందు అంచున చిన్న పళ్లు, చాలావరకు నాలుగు, కనిపిస్తాయి. ఆఫ్రికాలో పుట్టిన ఈ పురుగు మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో బయటపడింది. 2025లో అరకు వైపు కూడా కనిపించింది గనుక మీ కాయల విషయాన్ని తేలికగా తీసుకోవద్దని బతిమాలుతున్నాను. చిల్లు పడిన కాయలను కోసి చూడండి. లోపల గింజ తొలిచి ఉంటే, చెట్టు మీద మిగిలినవీ నేల రాలినవీ ఒక్కటి వదలకుండా ఏరి, మరుగునీటిలో ముంచి, లోతుగా పూడ్చివేసి, కాఫీ బోర్డు వారికి కబురు చేయండి. అనుమానం ఉన్న కాయలను సంచిలో పక్క ఊరికి మోయకండి, మాకూ పోస్టులో పంపకండి. కోసిన కాయ ఫొటో, ఆల్కహాలు సీసాలో రెండు పురుగులు చాలు.

ప్రశ్న: ఫోనుతో తీసిన ఫొటో పంపితే పురుగు పేరు చెప్పగలరా? పురుగులను పట్టి దాచాలంటే ఎలా?
(డిగ్రీ విద్యార్థి, గాజువాక; ఇదే ప్రశ్న మరో నలుగురు)

జవాబు: ఫొటో చూసి ఉపకుటుంబం వరకు, అదృష్టం బాగుంటే ప్రజాతి వరకు చెప్పగలను. జాతి పేరు చెప్పమంటే చాలాసార్లు చెప్పలేను. ఇలాంటి చోట ఊహించి పేరు చెప్పడం కంటే చెప్పకపోవడమే పాఠకుడికి మేలని నా అభిప్రాయం.

కారణం ఏమిటంటే, పేరు నిర్ణయించే గుర్తులన్నీ ఫొటోలో పడని చోట ఉంటాయి. మీసానికి చివరి గుండు ఏటవాలుగా కోసినట్లు ఉందా, గుండుకు ముందు ఎన్ని కణుపులున్నాయి, ముందు కాలి పిక్క అంచున ఎన్ని పళ్లున్నాయి, వెనుకకు వాలిన రెక్కల మీద గింజల వంటి బొడిపెలు ఏ వరుసలో ఉన్నాయి, ఇవన్నీ చూడాలి. జైలోసాండ్రస్ ప్రజాతిని నిర్ధారించాలంటే పురుగును వెల్లకిలా తిప్పి, ముందుకాళ్ల మొదళ్ల మధ్య ఎడం ఉందో లేదో చూడాలి. మళ్లీ బోర్లా తిప్పి, వక్షకవచం వెనుక అంచు నడుమ చిన్న వెంట్రుకల కుచ్చు ఉందో లేదో చూడాలి. శిలీంధ్రాన్ని మోసే సంచి నోరు ఆ కుచ్చు దగ్గరే ఉంటుంది. అదే యూవాలేసియా ప్రజాతిలో ఆ సంచులు నోటి దగ్గర ఉంటాయి. సంచి ఎక్కడుందన్నది కూడా ఈ విధంగా వర్గీకరణకు పనికివస్తుంది.

అన్ని గుర్తులూ చూసినా పేరు తేలని సందర్భాలున్నాయి. శ్రీలంక నుంచి వచ్చిన నమూనాల ఆధారంగా 1868లో ఐఖాఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పురుగుకు ఫోర్నికేటస్ అని పేరు పెట్టాడు. ఆ తరువాత వంద సంవత్సరాలకు పైగా, తేయాకు కొమ్మలను తొలిచే పురుగును అందరూ ఆ పేరుతోనే పిలిచారు. కాలిఫోర్నియాలో అవకాడో చెట్లనూ వీధుల చెట్లనూ ఎండబెట్టిన పురుగు కూడా చూడడానికి అచ్చం అలాగే ఉండడంతో దానికీ అదే పేరు పెట్టారు. డి.ఎన్.ఏ. పరీక్షలలో ఇవి ఒకటి కావని తేలింది. 2018లో ఒక బృందం రెక్కల పొడవు, వక్షం కొలతలు కొలిచి ఫోర్నికేటస్ పేరును తేయాకు పురుగుకే ఉంచింది. మరుసటి ఏడాది ఇంకొక పరిశీలనలో, పాత నమూనా కొలతలు తేయాకు పురుగుకు కాక, చెట్లను చంపే ఆ రెండో పురుగుకు సరిపోతున్నాయని తేలి, పేర్లు మళ్లీ మారాయి. ఇప్పుడు ఫోర్నికేటస్ అంటే చెట్లను చంపేది. తేయాకు పురుగు పేరు పెర్‌బ్రెవిస్. వీటితో కలిపి ఒకేలా కనిపించే జాతులు నాలుగు. ఒక మ్యూజియంలో సూదికి గుచ్చిన నూటయాభై ఏళ్ల నాటి పురుగు మీద ఇంత ఆధారపడి ఉంది. అందుకే నమూనాను దాచడాన్ని అంత పట్టుగా చెబుతాను.

పట్టే పద్ధతి సులభమే. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాకు పక్కన అరచేయంత కిటికీ కోసి, తలకిందులుగా, నీడలో ఛాతీ ఎత్తున వేలాడదీయండి. మూత వైపున సబ్బునీళ్లు పోసి, పైన చిన్న గొట్టంలో ఇథనాల్ ఉన్న చేతుల శానిటైజర్ పెట్టండి. ఇబ్బందిలో ఉన్న చెట్టు వాసన అనుకుని ఆడపురుగులు వస్తాయి. సబ్బునీటిని రెండు మూడు రోజులకు ఒకసారి వడగట్టి, పురుగులను వెంటనే ఆల్కహాలులోకి మార్చాలి. చూడడానికైతే 70 శాతం ఆల్కహాలు సరిపోతుంది, డి.ఎన్.ఏ. కోసమైతే 95 శాతం ఉండాలి. ఫార్మలిన్ వాడవద్దు. సీసా లోపలే పెన్సిలుతో రాసిన చీటీ వేయండి: తేదీ, ఊరు, చెట్టు పేరు, బెరడు కిందా, చెక్కలోనా, కొమ్మ గుజ్జులోనా, ఎవరు పట్టారు. బాల్‌పెన్ను అక్షరాలు ఆల్కహాలులో చెదిరిపోతాయి. చెట్టు పేరు లేని పురుగు చిరునామా చిరిగిపోయిన ఉత్తరం వంటిది.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న మన నగరాన్ని తాకినప్పుడు పడిపోయిన చెట్ల దుంగలు వారాల పాటు రోడ్ల పక్కన ఉన్నాయి. మా వీధి చివర కూలిన ఒక పెద్ద నిద్రగన్నేరు దుంగ మీద మూడో వారానికల్లా పిండి చల్లినట్లు తెల్లటి పొట్టు పట్టింది. నేను అప్పుడు సీసా నిండా పురుగులను పోగుచేశాను గాని, తొందరలో చీటీ వేయలేదు. ఏ దుంగ మీద ఏ పురుగు వాలిందో ఈ రోజున చెప్పలేకపోతున్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ప్రశ్న: విదేశాల నుంచి ఓడలో వచ్చిన యంత్రం చెక్కపెట్టె మీద గోధుమకంకి బొమ్మ, హెచ్.టి. అన్న అక్షరాలు ఉన్నాయి. కానీ చెక్కకు చిన్న చిల్లులున్నాయి. ప్రమాదమా?
(ఒక గోదాము ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: ఆ ముద్ర ఐ.ఎస్.పి.ఎం. 15 అనే అంతర్జాతీయ నిబంధన ప్రకారం వేసినది. చెక్క నడుమ వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగిలేలా కాచారని హెచ్.టి. అక్షరాల అర్థం. పాత చిల్లు ఉండడం తప్పు కాదు. చిల్లు కింద కొత్తగా పొట్టు రాలుతుంటే, లేదా పలక అంచున బెరడు పెద్ద పట్టీలుగా మిగిలి ఉంటే, ఆ పెట్టెను అక్కడే కప్పి ఉంచి రేవులోని మొక్కల క్వారంటైన్ అధికారులకు తెలియజేయాలి.

ప్రశ్న: బడి పిల్లలతో సీసా ఎర పెట్టించాము. నలభైకి పైగా పురుగులు పడ్డాయి. అన్నీ ఆడవేనని మీరు జవాబిచ్చారు. మగవి ఎందుకు పడవు అని పిల్లలు అడుగుతున్నారు.
(సైన్సు ఉపాధ్యాయురాలు, మధురవాడ)

జవాబు: అమ్మా, పిల్లలు అడిగిన ఈ ప్రశ్న నాకు వచ్చిన ఉత్తరాలన్నింటిలో మిన్న. మీరు పంపినవన్నీ జైలెబొరిని తెగ పురుగులు. ఈ తెగలో మగ పురుగు ఎగరలేదు. ఆడదానికంటే చిన్నగా, లేత రంగులో, రెక్కలు పనికిరాకుండా పుట్టి, తన జీవితమంతా పుట్టిన సొరంగంలోనే గడుపుతుంది. పది ఆడ పురుగులకు ఒక్క మగది కూడా ఉండకపోవచ్చు. అక్కచెల్లెళ్లు బయటికి పోకముందే సోదరుడితోనే జతకట్టి, కడుపులో గుడ్లతోనూ, సంచిలో శిలీంధ్రంతోనూ ఎగిరిపోతాయి. ఫలదీకరణ చెందిన గుడ్డు నుంచి ఆడది, చెందని గుడ్డు నుంచి మగది పుడుతుంది. జత కుదరని ఆడపురుగు ఒంటరిగా కొత్త చెట్టుకు చేరినా, ముందు కొడుకును కని, ఆ కొడుకు ద్వారా సంతానాన్ని సాగించగలదు. ఓడలో ఒక్క ఆడపురుగు దాటి వచ్చినా కొత్త దేశంలో వంశం నిలబడడానికి ఇదే కారణం. ప్లాటిపోడినే పురుగులలో వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ సొరంగం మొదలుపెట్టేది సాధారణంగా మగదే, ఆడది తరువాత వచ్చి చేరుతుంది.

జైలెబొరిని మగపురుగును పిల్లలకు చూపించాలంటే ఎర సీసా పనికిరాదు. పొట్టు రాలుతున్న పచ్చి కొమ్మను అడుగు పొడవున కోయించి, మీరే కత్తితో నార వెంబడి నెమ్మదిగా చీల్చండి. నల్లటి సొరంగంలో తెల్లటి పిల్లపురుగుల మధ్య, మిగతావాటి కంటే పొట్టిగా, పసుపు రంగులో, వీపు కాస్త గూనితో ఒకటి మెల్లగా పాకుతూ ఉంటుంది. అదే మగది. దానిని వేరే సీసాలో వేసి, చీటీ మీద ఏ చెట్టు కొమ్మో రాయించి పంపండి.